ఒంటిని తాకే కళ: తెలుగు నాటకం, సినిమాల్లో ఇంద్రియ ప్రయోగాలు

ప్రేక్షకుడు కుర్చీలో కూర్చుంటాడు, ఎదురుగా కథ నడుస్తుంది, అయిపోగానే లేచి ఇంటికి వెళ్తాడు. నాటకానికైనా సినిమాకైనా ఉన్న మామూలు ఒప్పందం ఇది. ఈ ఒప్పందాన్ని పక్కన పెట్టి ప్రేక్షకుడి ఒంటి మీదికే వచ్చే కళ మరొకటి ఉంది. ముక్కుకు పసుపు వాసన తగలాలి, డప్పు దెబ్బ గుండెల్లో మోగాలి, నిప్పు వేడి ముఖానికి తెలియాలి. లేదంటే ఉన్నట్టుండి మాటలన్నీ ఆగిపోయి ఆ నిశ్శబ్దాన్ని మోయాల్సి రావాలి. అర్థం ఆ తరవాత వస్తుంది. యూరప్‌లో ఈ ఆలోచనకు సిద్ధాంతం రాసినవాడు ఫ్రెంచి కవి, నటుడు ఆంతోనిన్ ఆర్తో. తెలుగు నేలపై ఎవరూ సిద్ధాంతం రాయలేదు కానీ, జాతర్లలో, పందిళ్లలో, వీధుల్లో, సినిమా హాళ్లలో ఈ పని చాలాకాలంగా జరుగుతూనే ఉంది. తెలుగులో చెప్పుకోదగ్గ ప్రయోగాలన్నీ ఏదో ఒక రకంగా ఆ పాత అలవాటు నుంచి బలం తెచ్చుకున్నవే.

చైతన్యపురి నుంచి మియాపూర్ దాకా

హైదరాబాద్ తూర్పు వైపున దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీ నగర్‌కూ మధ్యన ఉన్న చైతన్యపురిని కళల పేట అని ఎవరూ అనరు. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, బట్టల షాపులు, టిఫిన్ బండ్లు, విజయవాడ హైవే పట్టే బస్సులు ఇక్కడి గుర్తులు. అయినా ఈ వ్యాసానికి కావలసిన ప్రేక్షకులు ఇక్కడే ఉన్నారు. నల్గొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం జిల్లాల నుంచి, కోస్తా నుంచి చదువుకో బతుకుతెరువుకో వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఈ కాలనీల నిండా కనిపిస్తాయి. ఆషాఢంలో బోనం ఎత్తే చేతులు, కొత్త సినిమా మొదటి ఆటకు కాగితాలు చించి ఎగరేసే చేతులు చాలాసార్లు ఒకే ఇంటివి.

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో రైలు మొదలయ్యాక చైతన్యపురికి ఒక స్టేషన్ వచ్చింది. ఎర్ర లైను అని పిలిచే ఈ దారి ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ దాకా మొత్తం 29 కిలోమీటర్లు. ఇక్కడ రైలెక్కితే నాంపల్లి, అసెంబ్లీ స్టేషన్ల దగ్గర పబ్లిక్ గార్డెన్స్ వస్తుంది. అందులోని లలిత కళా తోరణంలో సురభి నాటకాలు ఏళ్ల తరబడి ఆడాయి. ఆ పక్కనే 1961లో ప్రారంభమైన రవీంద్ర భారతి ఉంది. చివరిదాకా, అంటే మియాపూర్ దాకా వెళితే అక్కడికి కొద్ది దూరంలో లింగంపల్లి, అక్కడ సురభి కుటుంబాలు నివసించే కాలనీ. తెలుగు రంగస్థలంలో ఇంద్రియాలతో ఆడుకోవడం ఎవరికి బాగా తెలుసు అని అడిగితే ముందుగా చెప్పవలసిన పేరు ఆ కాలనీదే. అక్కడికి వెళ్లే ముందు ఆర్తో ఏం కోరాడో చూడాలి.

ఆర్తో కోరిన రంగస్థలం

1931లో పారిస్‌లో వలస దేశాల ప్రదర్శన జరిగింది. అక్కడ బాలి ద్వీపం నుంచి వచ్చిన నృత్య బృందాన్ని చూసి ఆర్తో చలించిపోయాడు. మాటల మీద ఆధారపడకుండా, కదలిక, చూపు, తాళం, వేషంతోనే ఇంత చెప్పవచ్చా అన్నది అతని ఆశ్చర్యం. మరుసటి ఏడాదే క్రౌర్య రంగస్థలం పేరుతో ప్రణాళిక ప్రకటించాడు. ఇక్కడ క్రౌర్యం అంటే రక్తం చూపించడం కాదని, కళాకారుడు తన మీద తాను పెట్టుకునే కఠిన నియమమని అతనే పదేపదే చెప్పుకోవలసి వచ్చింది. ప్రేక్షకులను మధ్యలో తిరిగే కుర్చీల్లో కూర్చోబెట్టి, నాటకాన్ని నాలుగు మూలలా వాళ్ల చుట్టూ నడపాలన్నది అతని ఊహ. 1935లో ‘లే చెంచీ’ నాటకంలో అమియాఁ చర్చి గంటల మోతను రికార్డు చేయించి హాలు చుట్టూ లౌడ్‌స్పీకర్లలో వినిపించాడు. ఆ నాటకం 17 ప్రదర్శనలతో ఆగిపోయింది. 1938లో అతని వ్యాసాలు ‘రంగస్థలం, దాని ప్రతిరూపం’ అన్న పుస్తకంగా వచ్చాయి. 1947 చివర్లో అరుపులతో, డప్పులతో రికార్డు చేసిన రేడియో నాటకాన్ని ప్రసారానికి ముందురోజు ఫ్రెంచి రేడియో అధికారులు ఆపేశారు. 1948 మార్చి 4న అతను చనిపోయాడు. బతికుండగా ఏ ప్రయోగమూ నిలబడలేదు. పోయాక పీటర్ బ్రూక్ నుంచి న్యూయార్క్ లివింగ్ థియేటర్ దాకా అందరూ అతని పుస్తకాన్ని చేతపట్టుకున్నారు.

సినిమా కూడా ఆ కాలంలోనే ఈ దారి పట్టింది. ఆర్తో రాసిన కథతో జెర్మేన్ దులాక్ 1928లో ఒక సినిమా తీసింది. 1929లో లూయీ బున్యుయేల్, సాల్వడార్ డాలీ కలిసి తీసిన చిన్న చిత్రం మొదట్లోనే మంగలికత్తి ఒక కంటిని కోస్తుంది. అది దూడ కన్నే అయినా చూసేవాడి చెయ్యి తన కంటి మీదికి వెళ్లకుండా ఉండదు. ఆ తరవాత అమెరికా వ్యాపారులు ఈ ఆలోచనను వినోదంగా మార్చారు. 1959లో ‘ద టింగ్లర్’ కోసం కుర్చీల కింద వణికించే మోటార్లు బిగించారు. 1960లో ‘సెంట్ ఆఫ్ మిస్టరీ’కి గొట్టాల ద్వారా వాసనలు వదిలారు. 1974లో ‘ఎర్త్‌క్వేక్’ భూకంపాన్ని భారీ స్పీకర్లతో సీట్లకు పాకించారు. ఇవి వింతలుగా మిగిలిపోవడానికి కారణం తేలికే. వాసన వచ్చింది, కుర్చీ వణికింది, కానీ దానివల్ల ప్రేక్షకుడు ఇబ్బందిగా ఆలోచించాల్సిన విషయం ఒక్కటీ రాలేదు.

పసుపు, కొరడా, పచ్చికుండ

ఆర్తో బాలి బృందంలో చూసినది తెలంగాణలో ఒగ్గు కథ విన్న ఏ పిల్లవాడికైనా కొత్త కాదు. కురుమలు ప్రధానంగా చెప్పే ఈ కథలో మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ దేవుళ్లు. డోలు, తాళాలు, నఫీరా, ఒగ్గుగా పిలిచే చేతి ఢమరుకం వాయిద్యాలు. ప్రధాన కథకుడు ఒక్క క్షణం మల్లన్న, మరుక్షణం బలిజ మేడలమ్మ, ఇంకో క్షణం గొల్ల కేతమ్మ. వేషం మార్చుకోడు, నడక మారుస్తాడు, గొంతు మారుస్తాడు. డోళ్ల బృందం ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి వాయించేటప్పుడు ఆ దెబ్బ నేలలో నుంచి పాదాల్లోకి తెలుస్తుంది. మల్లన్న కొలువులో బండారి అని పిలిచే పసుపు నొసట పడగానే చూసేవాడికీ చేసేవాడికీ ఒకే వాసన అంటుకుంటుంది. నేల మీద పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపచ్చ పొడి కలిపి వేసే పెద్ద పట్నాన్ని గంటల తరబడి ముగ్గుగా తీర్చి, చివరికి దాన్నే తొక్కుతారు. కొమురవెల్లిలో శివరాత్రికి వేసే పెద్దపట్నం చూస్తే, కంటికి ఇంపైన బొమ్మను కళ్లెదుటే కాళ్ల కింద కలిపేయడంలో ఉన్న ఊపు ఏమిటో తెలుస్తుంది. జనగామ ప్రాంతం మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య ఈ కళను గుడి ముంగిట నుంచి రేడియోకు, సభావేదికలకు తెచ్చాడు. 2017 నవంబరులో ఆయన కన్నుమూశాడు. కరీంనగర్ వైపు మిద్దె రాములు పేరు కూడా అంతే గౌరవంతో చెప్పుకుంటారు.

హైదరాబాద్‌లో ఈ అనుభవం బస్తీ గుమ్మంలోకే వస్తుంది. 1813లో వచ్చిన మహమ్మారితో ముడిపడ్డ కథ ఉన్న బోనాల పండుగను 2014లో తెలంగాణ రాష్ట్ర పండుగగా ప్రకటించారు. ఆషాఢ ఆదివారాల్లో దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, కొత్తపేట వీధుల్లోనూ పోతరాజు దిగుతాడు. ఒళ్లంతా పసుపు, నడుముకు వేపమండలు, కాళ్లకు గజ్జెలు, చేతిలో కొరడా. కొరడా గాలిలో చిటుక్కుమన్నప్పుడల్లా గుంపు ఒక అడుగు వెనక్కి జరుగుతుంది, మళ్లీ ముందుకు వస్తుంది. ప్రేక్షకులను ఇలా ఒకేసారి భయపెడుతూ, రప్పిస్తూ నడపడం ఏ నాటక దర్శకుడైనా నేర్చుకోదగ్గ విద్య. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి ఆలయంలో బోనాల మరునాడు జరిగే రంగంలో ఒక స్త్రీ కాల్చని పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెబుతుంది. కుండ ఎక్కడ చితుకుతుందోనన్న ఉత్కంఠతోనే వేలమంది చూపులు ఆ పాదాల మీద ఉంటాయి. దీన్ని నాటకం అంటే భక్తులు ఒప్పుకోరు, వాళ్ల మాట న్యాయమే. అది పూజ. కానీ నగరంలో నాటకం చేసేవాళ్లు ఇంతకన్నా తీవ్రమైన ప్రేక్షక అనుభవాన్ని వేరెక్కడా చూసి ఉండరు.

ఇదేమీ నిన్నమొన్నటిది కాదు. పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో శ్రీశైలం శివరాత్రి జాగరాన్ని వర్ణిస్తూ నాటకాలు, బొమ్మలాటలు, రకరకాల ఆటపాటలు ఏకరువు పెట్టాడు. కాకతీయుల గజసేనాని జాయపసేనాని 13వ శతాబ్దంలో ‘నృత్త రత్నావళి’లో పేరిణి అనే నృత్యాన్ని నమోదు చేశాడు. దాన్ని ఆధారం చేసుకునే, రామప్ప గుడి శిల్పాలు చూసుకుంటూ, నటరాజ రామకృష్ణ 20వ శతాబ్దంలో పేరిణి శివతాండవానికి మళ్లీ ప్రాణం పోశారు.

సురభి ఇనుప తీగలు

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస వారి కుటుంబం ఒక పెళ్లి సందర్భంలో ‘కీచక వధ’ ఆడింది. అప్పటిదాకా తోలుబొమ్మలాట ఆడిన కుటుంబం మనుషులతో నాటకం వేయడం అదే మొదలు. వనారస గోవిందరావు సమాజాన్ని పెంచాడు. కుటుంబం శాఖోపశాఖలుగా చీలినకొద్దీ కొత్త సమాజాలు పుట్టాయి. ఒక దశలో వాటి సంఖ్య ముప్పై దాటింది, ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. మగవాళ్లే ఆడవేషాలు కట్టే రోజుల్లో సురభిలో ఆడవాళ్లే ఆ పాత్రలు వేశారు. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు నటులను ఇచ్చింది కూడా వీళ్లే. అందులో లీలావతిగా సురభి కమలాబాయి నటించింది. తెలుగు సినిమా మాట నేర్చింది సురభి గొంతుతోనే.

ఇక్కడ ముఖ్యమైన విషయం వాళ్ల యంత్ర విద్య. సురభి ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు నోరు తెరిస్తే లడ్డూలు పళ్లెంలోంచి లేచి గాలిలో ఈదుతూ ఒక్కొక్కటే నోట్లోకి వెళ్తాయి. యుద్ధ ఘట్టంలో రెండు వైపుల నుంచి వచ్చిన బాణాలు నడుమ ఢీకొని నిప్పురవ్వలు రాలుస్తాయి. నారదుడు మేఘాల్లోంచి దిగుతాడు, వాన పడుతుంది, మంటలు లేస్తాయి, కనురెప్ప పాటులో అంతఃపురం అడవి అవుతుంది. ఇందులో కంప్యూటర్ లేదు. కంటికి ఆనని సన్నని ఇనుప తీగలు, కప్పీలు, తాళ్లు, ఒకదాని వెనక ఒకటి వేలాడే రంగు తెరలు, దీపాల వరస, వాటి వెనక ఊపిరి బిగబట్టి సమయానికి తాడు లాగే ఇంటి మనుషులు. బాణం ఒక్క రెప్పపాటు ముందు వదిలినా మాయ విరిగిపోతుంది. ఈ కొలత ఏ పుస్తకంలోనూ లేదు. తాతను చూసి తండ్రి, తండ్రిని చూసి కొడుకు నేర్చుకున్నదే. పసిపిల్లలు మాట రాకముందే కృష్ణుడి ఉయ్యాల్లోకి ఎక్కుతారు, పగలు టికెట్లు, తెరల పని చూసినవాళ్లే రాత్రికి రాజులవుతారు.

సురభి మాయ ప్రేక్షకుడిని ఆనందపెడుతుందే తప్ప నిలదీయదు అనే విమర్శ పాతదే. అందులో కొంత నిజముంది. లడ్డూ ఎగిరినప్పుడు పిల్లలతో పాటు పెద్దలూ కేరింతలు కొడతారు, ఎవరూ తమ జీవితాన్ని ప్రశ్నించుకోరు. అందుకే 1990లలో కన్నడ దర్శకుడు బి.వి. కారంత్ ఈ కుటుంబాలతో చేసిన పని తెలుగు ప్రయోగ రంగస్థలంలో ప్రత్యేకంగా నిలుస్తుంది. ఆయన వాళ్లతో ‘భీష్మ’, ‘చండీప్రియ’ చేయించారు. ఆపైన బ్రెష్ట్ రాసిన సెజువాన్ మంచిమనిషి కథను ‘బస్తీ దేవత యాదమ్మ’గా హైదరాబాద్ బస్తీలోకి తెచ్చారు. మాయ చేయడమే కులవృత్తిగా బతికిన వాళ్ల చేతికి, మాయను విప్పి చూపించమనే రచయిత నాటకాన్ని ఇవ్వడం మామూలు సాహసం కాదు. ప్రేక్షకుడు మైమరచిపోకూడదని బ్రెష్ట్ పట్టుదల, మైమరపించడం సురభి ప్రాణం. ఈ రెండూ ఒకే వేదిక మీద కలిసి నడవగలవని ఆ కుటుంబాలు చూపించాయి. దేశంలో ప్రయోగం అంటే పట్నం చదువులవాళ్ల పని అనుకునే అభిప్రాయానికి ఇంతకంటే మంచి జవాబు లేదు. సురభి బాబ్జీగా పేరొందిన రేకందార్ నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన మరణించారు.

గొంగడి, గజ్జెలు, డప్పు

సురభిది వేదికను మాయగా మార్చే దారి అయితే, రెండో దారి వేదికనే వద్దనుకున్నవాళ్లది. 1943లో ఏర్పడ్డ ప్రజానాట్యమండలి బుర్రకథను ఉద్యమానికి తెచ్చింది. నడుమ తంబురాతో, చేతి అందెలతో కథకుడు. ఒక పక్క హాస్యం చెప్పేవాడు, ఇంకో పక్క రాజకీయం చెప్పేవాడు. షేక్ నాజర్ అడుగు వేసి అందె మోగించి గొంతెత్తితే మైకు లేకపోయినా మైదానం చివరిదాకా వినిపించేదని చూసినవాళ్లు చెప్పుకునేవారు. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ‘మా భూమి’ తెలంగాణ రైతు బందగీ కథ. ఊరూరా ఆడిన ఆ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఒక నాటకం జనాన్ని ఎంతగా కదిలిస్తుందో ప్రభుత్వానికే అందరికంటే ముందు తెలిసినట్టుంది.

కలకత్తాలో బాదల్ సర్కార్ 1970లలో వేదిక, లైట్లు, సెట్టు అన్నీ తీసేసి ప్రేక్షకుల మధ్యనే నటులను నడిపించి మూడో రంగస్థలం అన్నాడు. సరిగ్గా ఆ ఏళ్లలోనే, ఏ రంగస్థల సిద్ధాంతంతో పనిలేకుండా, హైదరాబాద్‌లో జననాట్యమండలి పుట్టింది. ఆర్ట్ లవర్స్ బృందంతో బి. నర్సింగరావు వేసిన బీజం అది. గద్దర్‌గా లోకమెరిగిన గుమ్మడి విఠల్‌రావు ఒంటి మీద గొంగడి, మోకాళ్లపైకి గోచి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర. అతను పాట మొదలుపెట్టక ముందే గజ్జె మోగేది. పాట నడుమ హఠాత్తుగా ఆగి, గుంపులో ఎవరి కళ్లలోకో సూటిగా చూసి మాట్లాడేవాడు. ఆ చూపు తగిలినవాడు ప్రేక్షకుడిగా మిగిలేవాడు కాదు. ప్రభుత్వ నిర్బంధం సడలిన 1990లో నిజాం కాలేజీ మైదానంలో అతని పాట వినడానికి వచ్చిన జనసందోహం నగరం మరచిపోలేనిది. 2023 ఆగస్టు 6న గద్దర్ చనిపోయాక ఆ గొంతు రికార్డుల్లో మిగిలింది. అయితే ఆ ప్రదర్శనలో సగం బలం అతని ఒంటిది, దాన్ని ఏ రికార్డూ పట్టుకోలేదు.

మాట తీసేసిన సినిమాలు

సినిమాలో వాసన లేదు, స్పర్శ లేదు. అందువల్ల ఇక్కడ ప్రయోగం చేసినవాళ్లు చాలాసార్లు ఎదురు దారి పట్టారు. ఒక ఇంద్రియాన్ని మూసి, మిగతావాటిని మేల్కొల్పారు.

నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’ ఈ పద్ధతికి తెలుగులో శిఖరం. 1920ల నాటి తెలంగాణ గడీ. దొరసానితో పాటు అరణంగా వచ్చిన కమలాక్షిగా అర్చన. ఆమె పని చేస్తూనే ఉంటుంది, పిలిస్తే వెళుతూనే ఉంటుంది. మాటలు చాలా తక్కువ. ఏ.కె. బీర్ కెమెరా గడీ లోపలి చీకటినీ, తలుపు సందుల్లోంచి పడే వెలుతురునూ తొందర లేకుండా చూపిస్తుంది. సాధారణ తెలుగు సినిమాలో నేపథ్య సంగీతం ప్రేక్షకుడికి ఎప్పుడు ఏడవాలో చెబుతుంది. ఇక్కడ ఆ సాయం దొరకదు. దొర కడుపు చేశాక, ఆ కడుపు తీయించుకోమని ఆజ్ఞ వచ్చినప్పుడు హాల్లో ఉన్నవాడు ఆ మౌనంలో ఒంటరిగా మిగిలిపోతాడు. కళా దర్శకత్వం చిత్రకారుడు తోట వైకుంఠం, దుస్తులు సుదర్శన్. ఉత్తమ తెలుగు చిత్రంతో పాటు నటి, ఛాయాగ్రహణం, కళా దర్శకత్వం, దుస్తులకు, మొత్తం ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. అర్చనకు అది వరసగా రెండో ఏడాది జాతీయ ఉత్తమ నటి పురస్కారం. అంతకుముందే నర్సింగరావు ‘మా భూమి’ అన్న సినిమాకు నిర్మాతగా, 1983లో ‘రంగుల కల’కు దర్శకుడిగా, చిత్రకారుడి పాత్రధారిగా పనిచేశారు. ఆయన సినిమాల్లో తెలంగాణ మట్టి రంగు, గోడ గరుకుతనం చేత్తో తడిమినట్టు తెలియడానికి స్వయంగా చిత్రకారుడు కావడమే కారణం అనిపిస్తుంది.

‘దాసి’కి ఏడాది ముందు నెల్లూరు జిల్లా ఉదయగిరికి చెందిన సింగీతం శ్రీనివాసరావు ఒక్క మాట లేకుండా ‘పుష్పక విమానం’ తీశారు. హాస్యచిత్రమే కానీ, ధ్వనితో చేసిన ఆట చాలా లోతైనది. సినిమా హాలు పక్కన ఇరుకు గదిలో బతికే నిరుద్యోగి అనుకోకుండా ఖరీదైన హోటల్ గదికి చేరతాడు. మెత్తని పరుపు మీద నిద్ర రాదు. పాత గదికి రోజూ వినిపించే సినిమా ఫైటింగుల మోత అక్కడ లేదు. చివరికి ఆ మోతను టేపులో రికార్డు చేసి తెచ్చి పెట్టుకుంటే గానీ కన్ను మూతపడదు. దిల్‌సుఖ్‌నగర్ హాళ్ల వెనక సందుల్లో గదులు అద్దెకు తీసుకుని చదువుకున్న కుర్రాళ్లకు ఈ దృశ్యం వివరించనక్కర్లేదు. బీదరికాన్ని చెవితో గుర్తుపట్టేలా చేసిన సన్నివేశం తెలుగువాళ్లు తీసిన సినిమాల్లో మరొకటి దొరకడం కష్టం. ఇదే సినిమాలో రంగు కాగితం చుట్టి, రిబ్బను కట్టిన పెట్టెల్లో మలాన్ని బహుమతిగా వదిలివెళ్లే ప్రహసనం ఉంది. వాసన లేని తెర ముందు కూర్చున్న జనం ముక్కు మూసుకుని నవ్వారు. గొట్టాలతో వాసన వదిలిన అమెరికా హాలు చేయలేని పని అది.

గొల్లపూడి మారుతీరావు నాటకం ఆధారంగా ఛాయాగ్రాహకుడు ఎం.వి. రఘు 1988లో దర్శకత్వం వహించిన ‘కళ్లు’ ఇంకో వరస. గుడ్డి బిచ్చగాళ్ల గుంపులో ఒకడికి చూపు వస్తుంది. చూపుతో పాటు స్వార్థమూ వస్తుంది. చూడటమే పనిగా హాలుకు వచ్చిన ప్రేక్షకుడికి, చూపు మనిషిని ఏం చేయగలదో చూపించిన కథ ఇది. పేరుకు తగ్గ గుర్తింపు దీనికి ఇంకా రాలేదు.

పూనకం వచ్చిన హాలు

ప్రయోగమని ఎవరూ పేరు పెట్టకపోయినా, ప్రేక్షకుల ఒంటి మీద తిరుగులేని ప్రభావం చూపినది 1995లో వచ్చిన ‘అమ్మోరు’. కోడి రామకృష్ణ దర్శకుడు, ఎం. శ్యాంప్రసాద్ రెడ్డి నిర్మాత. కంప్యూటర్ గ్రాఫిక్స్‌ను తెలుగువాళ్లు అంత విస్తారంగా చూడటం అప్పుడే. కానీ హాళ్లలో జరిగింది గ్రాఫిక్స్‌కు మించినది. అమ్మవారు తెర మీద ఉగ్రరూపం దాల్చగానే ముందు వరసల్లో ఆడవాళ్లకు పూనకం వచ్చేది. వేపమండలు, పసుపు నీళ్లు, హారతి కర్పూరం హాల్లోకి వచ్చాయి. చాలాచోట్ల హాలు ఆవరణలోనే అమ్మవారి విగ్రహం పెట్టి పూజలు చేశారు. ఆర్తో కలగన్నట్టు ప్రేక్షకులే ప్రదర్శనలో భాగమైన సందర్భం ఇదే. అదీ ఏ ప్రయోగశాలలోనో కాదు, మార్నింగ్ షోలో.

2023లో వేణు ఎల్దండి తీసిన ‘బలగం’ అదే శక్తిని మెత్తగా వాడుకుంది. చావు ఇంట్లో కాకి ముద్ద ముట్టడం లేదన్న ఒక్క ఇబ్బంది చుట్టూ కథ. చివర్లో బుడగజంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ పాడే పాట దగ్గర కథ చెప్పడం ఆగి, ఏడుపు మొదలవుతుంది. తెలంగాణ పల్లెల్లో పంచాయతీ ముందర, బడి ఆవరణల్లో తెర కట్టి ఈ సినిమాను ఊరంతా కలిసి చూశారు. చూసి విడిపోయిన అన్నదమ్ములు కలిసిన వార్తలూ వచ్చాయి. ఇందులోని ఊరి పాటకు కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు దక్కింది. చివరి పాట పాడిన మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోణార్క్, వెంకటాద్రి, రాజధాని లాంటి సింగిల్ స్క్రీన్ హాళ్లు ఒక తరానికి సినిమా అంటే ఏమిటో నేర్పాయి. హీరో రాకకు ఈలలు, కాగితాల వాన, తెర ముందు కొబ్బరికాయ, గుమ్మడికాయ, కర్పూరం మసి, చెమట వాసన. బయటివాళ్లు అల్లరి అనుకునే ఇదంతా నిజానికి ప్రేక్షకులు తమ ఇంద్రియాలతో సినిమాకు ఇచ్చే జవాబు. 2022 ఆగస్టులో ‘పోకిరి’ పునర్విడుదలతో ఊపందుకున్న పాత సినిమాల ఆటల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపించింది. కథ అందరికీ కంఠతా వచ్చు, వచ్చేది ఒంటితో మళ్లీ అనుభవించడానికే. అయితే హాల్లో టపాసులు పేల్చి, సీట్లు చింపేదాకా వెళ్లినప్పుడు అది కళకు జవాబు కాదు, పక్కవాడి ప్రాణంతో ఆట.

ఈ విషయంలో ఇక్కడి జనానికి చెప్పాల్సిన అవసరం లేని జ్ఞాపకం ఒకటుంది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఆ హాళ్ల సమీపంలోనే, బస్టాపుల దగ్గర, క్షణాల తేడాతో రెండు బాంబులు పేలాయి. 18 మంది చనిపోయారు. ఇక్కడి ప్రేక్షకుల ఇంద్రియాలకు నిజమైన దెబ్బ తెలుసు. కాబట్టి ప్రేక్షకుడిని ఉలికిపడేలా చేస్తాం అనే దర్శకులు ఏ పేలుడు శబ్దం ఎందుకు వాడుతున్నారో ముందు తమకు తాము చెప్పుకోగలగాలి. ఆర్తో క్రౌర్యం అన్న మాటకు అర్థం విడమరచి చెప్పడానికి ఎందుకంత తాపత్రయపడ్డాడో ఇక్కడ బాగా అర్థమవుతుంది.

తూర్పున ఒక వేదిక

1985లో ఏర్పడ్డ తెలుగు విశ్వవిద్యాలయంలోనూ, 1988లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మొదలైన సరోజినీ నాయుడు స్కూల్‌లోనూ రంగస్థల కళలు నేర్పుతున్నారు. 2010లో బంజారా హిల్స్‌లో మొదలైన లామకాన్ చిన్న ప్రయోగాలకు చవగ్గా చోటిచ్చింది. నగరంలో పేరున్న వేదికలన్నీ మధ్యనో పడమరో ఉన్నాయి. ఒగ్గు డోలు వినిపించే, బోనం ఎత్తే, ‘బలగం’ చూసి ఏడ్చిన ప్రేక్షకులు మాత్రం మూసీకి ఇవతల తూర్పు కాలనీల నిండా ఉన్నారు. నూరు మంది నేల మీద చుట్టూ కూర్చోగల ఒక నల్ల గది, కాస్త ఎత్తైన కప్పు, కప్పీలు బిగించడానికి నాలుగు ఇనుప దూలాలు ఉంటే చాలు. సురభి పెద్దలను పిలిచి ఆ తీగల లెక్క నేటి నాటక విద్యార్థులకు చేత్తో నేర్పించవచ్చు. ‘దాసి’, ‘కళ్లు’ లాంటి సినిమాలను మంచి ప్రతులతో, మంచి శబ్దంతో ఇక్కడి పిల్లలకు చూపించవచ్చు. సురభి కుటుంబాల్లో తీగ లాగడం తెలిసిన చేతులు ఏటేటా తగ్గిపోతున్నాయి. ప్రభుత్వ సాంస్కృతిక శాఖ గానీ, నగరపాలక సంస్థ గానీ, ఈ కాలనీల సంక్షేమ సంఘాలు గానీ ఇలాంటి వేదిక పని మొదలుపెట్టవలసిన సమయం ఇదే.